సూదక్క దూది లెక్క

స్పిరిట్ వాసన తగిలితే చాలు, నాకు సూదక్క గుర్తొస్తుంది. అందరికీ ఆ వాసనకి కడుపులో తిప్పుతుంది, నాకేమో కళ్ళు చెమరుస్తాయి. ఆవిడ పోయి పదేళ్ళయినా ఇంతే.

ఆసుపత్రి మెట్ల కింద గదిలో ముప్ఫై ఏళ్ళు రక్తం తీసింది. ఒక బల్ల, రెండు స్టూళ్ళు, సగం వరకే తెరుచుకునే కిటికీ. అసలు పేరు ఎవరికీ పట్టలేదు. నోరు మాత్రం సూది కంటే పదును. మీసాలాయన ఒకడు చెయ్యి చాచి కళ్ళు గట్టిగా మూసుకుంటే, "ఏం బాబాయ్, తీసేది రెండు చెంచాలే. ఇంటికెళ్ళి పిన్నికి రెండు బిందెలు పోయిందని చెప్పుకో" అనేది. ఆయన నవ్వేలోపు పని అయిపోయేది.

ఆవిడకో చాదస్తం. పొద్దున్నే దూది ఉండలు చుట్టి, లెక్కపెట్టి డబ్బాలో వేసేది. సూది తీశాక, "నొక్కి పట్టుకో, వెళ్ళేటప్పుడు నా చేతికే ఇవ్వు" అనేది. జనం వాటిని మెట్ల మీదా కుర్చీల కిందా పడేస్తారని మంట. సాయంత్రం తడిసిన ఉండలు లెక్క సరిపోయాకే తాళం వేసేది.

అప్పుడు నాకు ఇరవై నాలుగు. టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగం, అన్నయ్య వాళ్ళింట్లో మకాం. ఒంట్లో రక్తం సగానికి పడిపోయింది. ఎన్ని మాత్రలు మింగినా ఎక్కదు. డాక్టరుగారు తల పట్టుకుని ప్రతి మంగళవారం పరీక్షకి రమ్మన్నారు. కారణం నాకొక్కదానికే తెలుసు. నా రక్తం నేనే తాగేదాన్ని.

మొహం చిట్లించకండి, నాకూ అసహ్యమే. అమ్మ పోయిన ఏడాది మొదలైంది. గుండెల మీద బండ పెట్టినట్టుండేది. ఆ ఉప్పటి రుచి నాలుకకి తగిలితే కాసేపు దిగేది, ఆ తర్వాత సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. అన్నిటికంటే పెద్ద భయం అన్నయ్య కూతురి గురించి. ఏడు నెలల పిల్ల, నేను జోకొడితే తప్ప నిద్రపోయేది కాదు. ఈ సంగతి తెలిస్తే వదిన మళ్ళీ దాన్ని నా చేతికిస్తుందా? అందుకే నోరు కుట్టేసుకున్నాను.

ఒక మంగళవారం రక్తం తీసి, అటు తిరిగి సీసా మీద పేరు రాసిన సూదక్క, మళ్ళీ ఇటు తిరిగి తలుపు గడియ వేసింది.

"మూడు వారాలుగా మంగళవారం మంగళవారం ఒక ఉండ తగ్గుతోంది. ఏదీ, నీ దూది?"

గుప్పిళ్ళు విప్పాను, ఖాళీ. ఆవిడ నా పెదాల వైపు చూసింది.

"నోరు తెరు" అంది, మట్టి తిన్న పిల్లని అడిగినట్టు.

దూది బల్ల మీద పడింది. నేను భోరుమన్నాను. "నేను రాక్షసినక్కా!"

"ఛ, ఊరుకో! రాక్షసులు ఎదుటివాళ్ళది తాగుతారే. నీది నువ్వే తాగే పిసినారి రాక్షసి ఏ పురాణంలోనూ లేదు."

ఏడుస్తూనే నవ్వేశాను. ఆవిడ కొంగుతో నా ముక్కు తుడిచింది. "రక్తబీజుడి కథ వినలేదూ? వాడి రక్తం చుక్క నేల మీద పడితే ఇంకొకడు లేచేవాడు. పడకుండా కాళి నాలుక చాచి మొత్తం తాగేసింది. రాక్షసులు తాగితే పారిపోయాం, ఆవిడ తాగితే దణ్ణం పెట్టాం. ఎందుకు తాగారన్నది చూడాలి కదా. నువ్వెందుకు తాగుతున్నావే?"

ఆ మాట నన్నెవరూ అడగలేదు. అమ్మ గురించి గంటసేపు చెప్పాను. బయట జనం తలుపు బాదుతుంటే, "సూది విరిగింది, ఆగండి!" అని ఒక్క అరుపు అరిచి మళ్ళీ నా వైపు తిరిగింది.

ఆవిడే మనసు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఇది అరుదైన జబ్బే కానీ జబ్బేనని, మందులతో, మాటలతో దారికొస్తుందని ఆయన అన్నారు. ఇంట్లో చెప్పాల్సిందేనని సూదక్క పట్టుబట్టి, నా వెంట తనే వచ్చింది. విని అన్నయ్య మొహం పాలిపోయింది. వదిన పిల్లని చంకనేసుకుని గదిలోకెళ్ళి గడియ పెట్టుకుంది. నా ప్రాణం ఉసూరుమంది.

"తల్లి కదా, భయపడనీ. నువ్వు మందులు మానకు, అంతే" అంది సూదక్క.

ఏడు నెలలు అలాగే గడిచాయి. పిల్ల నన్ను చూసి చేతులు చాచేది, వదిన దాన్ని అటు తిప్పేసుకునేది. సూదక్క ప్రతి ఆదివారం వచ్చి వంటింట్లో వదిన పక్కన కూర్చుని కూరలు తరుగుతూ, నా ఊసు తప్ప లోకంలో ఊసులన్నీ చెప్పేది. మధ్యలో ఒకసారి మళ్ళీ జారాను. పరుగున వెళ్ళి ఆవిడకే చెప్పుకున్నాను. తిట్టలేదు, టీ ఇచ్చింది. మెల్లిగా ఒంట్లో రక్తం పెరిగింది.

ఒక ఆదివారం, అప్పుడే నడక నేర్చిన పిల్ల వసారాలో తూలి, నా కాళ్ళ ముందే బోర్లా పడింది. పెదవి చిట్లింది, రక్తం. నేను చేతులు వెనక్కి కట్టుకుని కొయ్యబారిపోయాను. ఏడుపు విని వదిన పిండి చేతులతో పరిగెత్తుకొచ్చింది. వెనకాలే సూదక్క వచ్చింది కానీ గుమ్మంలోనే ఆగిపోయింది.

వదిన పిల్లని చూసింది, నన్ను చూసింది.

"అలా చూస్తావేం? నా చేతులు పిండి. ఎత్తుకో దాన్ని!"

ఎత్తుకున్నాను. నా మెడలో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నా జాకెట్టు మీద ఎర్రటి మరక పాకింది. వదిన కళ్ళు ఆ మరక మీదే ఉన్నాయి.

"మరక తర్వాత ఉతుక్కోవచ్చులే, ముందు దాన్ని ఊరుకోబెట్టు" అని, వదిన వంటింట్లోకి వెళ్ళిపోయింది.