బందరు గోడమీది మనీప్లాంట్

మా చెల్లెలు పోయింది కానీ, బందరులో వాళ్ళింటి వెనక గోడకు అది పాకించిన మనీప్లాంట్ మాత్రం ఆగలేదు. కిటికీ పైదాకా ఎక్కి, ఇటుకల సందుల్లోకి వేళ్ళు దింపింది. గోడ పెచ్చులూడిపోతోందని మరిది గుడివాడలో ఉన్న నాకు ఫోన్ చేశాడు. దాన్ని కోయడానికి తనకు చెయ్యి రావడం లేదట, నన్నొచ్చి తీయించమన్నాడు. నాకు ఒళ్ళు మండింది. రెండో పెళ్ళి చేసుకుని ఏడాది తిరక్కుండానే, కొత్తావిడకి మా చెల్లెలి మొక్క కూడా అడ్డొచ్చిందా అనుకుంటూ బస్సెక్కాను.

తీరా వెళ్తే ఆవిడ నా కాళ్ళకు దణ్ణం పెట్టింది. వంగినప్పుడు మెడలో మంగళసూత్రాల పక్కన చిన్న బిళ్ళ కనిపించింది. పోయిన మొదటి భార్య పేరిట రెండో ఆవిడ కట్టుకునే బిళ్ళ అది. ఆ మెడలో మా చెల్లెలే ఉన్నట్టనిపించి చూపు తిప్పుకున్నాను.

పచ్చిగా ఉండగా లాగితే ఇటుక పైపొర కూడా ఊడొస్తుందని, ఉప్పుగాలికి ఇటుకలు అప్పటికే గుల్లబారాయని, పిలిపించిన తాపీమేస్త్రి అన్నాడు. మొదలు దగ్గర కోసి వదిలేస్తే ఎండిపోయి అదే రాలుతుందట. నేనే కోశాను. కోస్తుంటే ఏడుపొచ్చింది.

నెల దాటాక మళ్ళీ వెళ్ళాను. తీగంతా ఎండి నల్లబడి గోడకు వేలాడుతోంది. వంటింటి కిటికీ పక్కన ఒక్క కొమ్మ మాత్రం నవనవలాడుతూ కొత్త ఆకు వేసింది. ఇది ఇల్లు వదలనంటోందా అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. తర్వాత చూస్తే దాని కింద ఇటుకలు తడిగా ఉన్నాయి. బియ్యం కడిగిన నీళ్ళు కిటికీలోంచి పోస్తున్నట్టు తెల్లగా చారలు కట్టాయి.

ఎందుకమ్మా ఈ పని అని అడిగితే ఆవిడ తలెత్తలేదు.

"సాయంత్రం ఆయన దాని దగ్గర నిలబడి పోయిన అక్క గురించి చెప్తారండీ. నాతో మాట్లాడేది అప్పుడే. అది కూడా ఎండిపోతే ఇంక నాతో మాట్లాడరు, అక్కయ్యగారూ."

నేను మోసుకొచ్చిన కోపమంతా ఏమైపోయిందో తెలియదు. ఆవిడ ఇచ్చిన కాఫీ తాగుతూ పెరట్లోనే కూర్చున్నాను.

చీకటి పడకముందే మరిది వచ్చాడు. చెప్పులైనా విప్పకుండా గోడ దగ్గరికి వెళ్ళి, ఆ కొమ్మనే చూస్తూ ఇంట్లోకి కేకేశాడు. మా చెల్లెలి పేరు పెట్టి పిలిచాడు. "వస్తున్నానండీ" అని ఆవిడ లోపలినుంచి పలికింది, రోజూ పలికేదానిలాగే.

నేనింక ఆగలేకపోయాను. లేచి వెళ్ళి ఆ పచ్చకొమ్మను రెండు చేతులా పట్టి లాగేశాను. ఇటుక పొడి నా చీరంతా రాలింది.

"ఈ అమ్మాయిని తన పేరు పెట్టి పిలువు" అన్నాను.

ఆవిడ గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తోంది. మరిది అటు తిరిగి నోరు తెరిచాడు. ఆవిడ పేరు నోటికి రాలేదు.