కుందేలు తలలోకి పంపిన కరెంటు

ఎనభైల మొదట్లో కాకినాడలో ఒక పరిశోధనశాలలో నాది ఎలక్ట్రానిక్స్ పని. అక్కడి డాక్టరమ్మగారు మూర్ఛ మీద పరిశోధన చేసేవారు. కుందేలు మెదడులో వెంట్రుకంత తీగలు అమర్చి, వాటిలోంచి చిన్న చిన్న పల్సులుగా కరెంటు పంపితే మూర్ఛ ఆగుతుందేమో చూడాలన్నది ఆవిడ ఆలోచన. ఆ కరెంటు పంపే పెట్టె తయారుచేయడం నా వంతు.

మొదటి పెట్టె వాడిన రెండు వారాలకి కుందేలు ఎడమ కాలు ఈడ్చడం మొదలుపెట్టింది. తర్వాత చచ్చిపోయింది. డాక్టరమ్మగారు దాని మెదడు ముక్కని మైక్రోస్కోపు కింద పెట్టి నన్ను పిలిచారు.

"చూడండి, తీగ చుట్టూ ఎలా పాడైపోయిందో."

"నేను పంపింది చాలా తక్కువ కరెంటండి."

"పంపినప్పుడు సరేనండి. పంపనప్పుడో?"

మీటరు పెట్టి చూశాను. పల్సుకీ పల్సుకీ మధ్య, ఏమీ ఉండకూడని వేళ, కరెంటు సన్నగా కారుతూనే ఉంది. దాన్ని ఆపాల్సిన కండెన్సర్‌ని నేను పరీక్షించకుండానే అతికించేశాను. ఆవిడ కోప్పడలేదు. ఇంకో కుందేలు కోసం ఉత్తరం రాయడానికి కూర్చున్నారు.

మళ్లీ మొదటికొచ్చాను. మెదడులో ఏమీ మిగలకుండా, ప్రతి పల్సులో పంపినంత కరెంటూ వెనక్కి లాగేలా సర్క్యూట్ మార్చాను. ఒక కండెన్సర్ చెడినా ఇంకోటి ఆపేలా రెండు వేశాను. తీగల్ని మెదడులోని తడికి బదులుగా ఉప్పునీళ్లలో ముంచి, రోజుల తరబడి పెట్టెని నడిపి, పొద్దున్నా సాయంత్రం కొలిచేవాణ్ణి. బస్సులో కునికిపాట్లు పడుతూ పిఠాపురంలోని ఇంటికి చేరితే మా ఆవిడ అడిగేది, "ఇవాళ ఏం జరిగిందండీ?" అని.

"ఏమీ జరగలేదు."

ఏమీ జరగకూడదనే నా పాట్లన్నీ. అది మా ఆవిడకి చెప్పే ఓపిక ఉండేది కాదు.

ఏడాది దాటాక, కొత్త పెట్టెని కొన్ని నెలలు వాడిన కుందేలు మెదడు శుభ్రంగా కనిపించింది. ఆ నెలలోనే మా పని గురించి విని ఒక సర్జన్‌గారు ఉత్తరం రాశారు. మందులకి లొంగని మూర్ఛతో ఒక రోగి ఉన్నాడట, పెట్టె ఇస్తారా అని.

"మనిషి తలలో పెట్టొచ్చంటారా?" డాక్టరమ్మగారు అడిగారు.

ఔనంటే నా పని తీరిపోతుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కాని నేను చూసింది ఒక్క కుందేలుని, కొన్ని నెలలు.

"ఇంకో ఏడాదైనా చూడాలండి," అన్నాను.

ఆవిడ ఉత్తరం మడతపెట్టారు. "ఆ ఏడాది ఆ రోగి ఎలా గడుపుతాడో," అన్నారు.

ఇప్పుడే ఇవ్వలేమని ఆవిడే జవాబు రాశారు. సర్జన్‌గారు మళ్లీ రాయలేదు. ఆ రోగి ఏమయ్యాడో మాకు తెలియలేదు. కనుక్కుందామని ఇద్దరం చాలాసార్లు అనుకున్నాం, కనుక్కోలేదు.