సువర్ణమ్మ గారు పాటలు పంచిన ఆదివారం

విశాఖలో నేను కట్టుడు పళ్లు తయారుచేస్తాను. పొద్దున్నించి సాయంత్రం దాకా చిన్న గదిలో మైనం, అచ్చులు, సానబట్టే మిషను చప్పుడు. ఆ చప్పుడు తప్పించుకోవడానికి చెవుల్లో పాటలు పెట్టుకోవడం ఇరవై ఏళ్ల అలవాటు. రెండేళ్ల కిందట ఆ వైర్లు తీసేసి, ఊళ్లలో యాభై అరవై మంది ముందు పాడేవాళ్లను ఎదురుగా కూర్చుని వినాలనిపించింది. అప్పట్నుంచి వీలైన శని ఆదివారాల్లో సంచీ సర్దుకుని బయల్దేరుతున్నాను.

కోనసీమ ప్రయాణానికి కారణం శామ్యూల్. మా ఊళ్లో ఒక కాఫీ హోటలు మేడ మీద జరిగిన కచేరీలో గిటారు వాయించాడు. ముప్పై ఏళ్లుంటాయి. అమలాపురంలో ట్యూషన్ సెంటర్లో లెక్కలు చెబుతాడు. గిటారు చర్చిలో నేర్చుకుని, ఇప్పుడు సొంత పాటలు కట్టుకుంటున్నాడు. బాగా పాడావని మెచ్చుకుంటే, "నాదేముందిలెండి మేడమ్. మా పెద్దమ్మ పాడితే వినాలండి. నాట్ల పాటలు. వచ్చేనెల మూడో ఆదివారం మా ట్యూషన్ హాల్లో పాడతారు, రండి" అన్నాడు.

శనివారం పొద్దున్న ఆరు దాటాక విశాఖలో రైలెక్కాను. అమలాపురానికి రైలు లేదు. రాజమండ్రిలో దిగి బస్సు పట్టుకోవాలి. తొమ్మిదిన్నరకు దిగి, స్టేషన్ బయట రెండు ఇడ్లీలు తిని, ఆటోలో బస్సు కాంప్లెక్సుకు వెళ్లేసరికి పదింటి బస్సు సిద్ధంగా ఉంది. కడియం దగ్గర ఒక పెద్దాయన నాలుగు గులాబీ మొక్కలతో ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. మొక్కల్ని కాళ్ల మధ్య నిలబెట్టుకుని, "ఎవరింటికండి?" అని అడిగాడు. పాటలు వినడానికి వచ్చానన్నాను.

"పాటల కోసం వైజాగు నుంచాండి! టీవీలో రావాండీ?" అని, నా జవాబు కోసం ఆగకుండా ఆయనే తల ఊపాడు. "ఆయ్, ఎదురుగా వింటే వేరేలెండి."

జొన్నాడ వంతెన మీదికి రాగానే బస్సులో మాటలు తగ్గాయి. గోదావరికి ఎర్రనీళ్లు వచ్చాయి. నది మధ్య లంకల్లో చెట్ల మొదళ్లు మునిగి, నది ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఒకే నేలలా కదులుతోంది. రావులపాలెం దాటాక రెండు పక్కలా నాట్లు. వరసగా వంగిన ఆడవాళ్లు, వాళ్ల వెనక లేత ఆకుపచ్చ గీతలు. ఎవరూ పాడటం లేదు. గట్టు మీద తెరిచిపెట్టిన గొడుగు కింద ఒక ఫోను సినిమా పాట మోగిస్తోంది.

పన్నెండుంపావుకు అమలాపురం. బస్టాండుకు దగ్గర్లో ఏసీ లేని గది ఎనిమిది వందలకు దొరికింది. పక్క సందులో మెస్సు ఉంది. ఆవపెట్టిన పనసపొట్టు కూర వడ్డించి, నేను వద్దన్నా మళ్లీ వడ్డించారు. అన్నం తిని గంటసేపు పడుకున్నాను.

నాలుగింటికి శామ్యూల్ ఫోన్ చేశాడు. తన పాటలకు డప్పు కొట్టే అప్పారావు గారు ఆ సాయంత్రం కొత్తపేటలో గరగల మేళంతో ఉంటారని, చూసి రమ్మని చెప్పాడు. పొద్దున్న వచ్చిన దారినే యాభై నిమిషాలు వెనక్కి. అమ్మవారి గుడి ముందు ఆరుగురు మగవాళ్లు, పసుపు చీరలు నడుముకు చుట్టి, పాముపడగలు చెక్కిన ఇత్తడి గరగల్ని తలల మీద పెట్టుకున్నారు. అప్పారావు గారు డప్పు మీద మొదటి దెబ్బ వేశారు. ఆ దెబ్బ నాకు చెవిలో కాదు, పక్కటెముకల్లో తగిలింది. చేతులతో పట్టుకోకుండానే వాళ్లు తిరిగారు, మోకాళ్ల మీద కూర్చుని లేచారు, ఒకరి చుట్టూ ఒకరు పరుగెత్తారు. ఒక్క గరగ కూడా జరగలేదు. ముప్పావుగంట నేను నోరు మూసుకోలేదేమో, నాలిక ఎండిపోయింది.

అప్పారావు గారు సన్నటి మనిషి, యాభై దాటి ఉంటారు. పగలు కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపుతారు. ఆట అయ్యాక నా దగ్గరికొచ్చి, "రేపు శామ్యూలు పెద్దమ్మ, సువర్ణమ్మ గారి పాటకండి కదా తమరు? నా డప్పు ఏముందండి, కొడితే మోగుద్ది. ఆవిడ పాటకి ఎక్కడ ఆపాలో తెలవాలండి. నాకు మూడేళ్లు పట్టింది" అన్నారు. ఇంకేదో చెప్పబోయి ఆగిపోయారు.

ఆయన చెప్పనిది మర్నాడు తెలిసింది.

ఆదివారం తొమ్మిదిన్నరకు రాజోలు బస్సెక్కాను. గోదావరి వైనతేయ పాయ మీది వంతెన దాటి, రాజోలు ఇంకా రాకముందే శామ్యూల్ చెప్పిన స్టాపులో దిగాను. చర్చి నుంచి జనం అప్పుడే బయటికొస్తున్నారు. తెల్లచీరలో, చేతిలో బైబిలుతో, పొట్టిగా ఉన్న ఒకావిడను చూపించి "మా పెద్దమ్మండి" అన్నాడు శామ్యూల్. సువర్ణమ్మ గారికి అరవై రెండేళ్లు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఇంటి దాకా వదల్లేదు.

గోంగూర రొయ్యలు, చారు, పెరుగు. తింటున్నప్పుడే ఆవిడ కథ చెప్పారు. పన్నెండో ఏట తల్లి వెనకాల నాట్లకు వెళ్లారు. తొమ్మిది మంది జట్టులో పాట ఎత్తేది తల్లి. ఆవిడ పోయాక సువర్ణమ్మ గారు ఎత్తారు. భర్త చనిపోయాక కువైట్లో పదకొండేళ్లు ఇంటి పని చేసి, ఇద్దరు కూతుళ్లను టీచర్లను చేశారు.

"అక్కడ పాడేవారా?" అని అడిగాను.

"వాషింగ్ మిషను తిరిగేటప్పుడు పాడేదాన్నండి. ఆ గోలలో మేడమ్ గారికి వినపడదు. రోజుకో పాట. మా అమ్మవి డెబ్బై పై చిలుకు ఉన్నాయి. ఒకటి మర్చిపోతే అమ్మ వేలు ఒకటి ఊడిపోయినట్టు ఉండేదండి."

నవ్వుతూనే చెప్పారు. శామ్యూల్ మాత్రం నవ్వలేదు. ఆవిడ చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్లగానే గొంతు తగ్గించి, "మీరైనా చెప్పండి మేడమ్. గురువారం కాకినాడలో ఆపరేషనండి. థైరాయిడ్ గడ్డ. గొంతు నరం దాన్ని ఆనుకునే ఉందంట. మామూలుగా ఏం కాదు, కానీ పైస్థాయి పోవచ్చు అని డాక్టరు గారు చెప్పేరు. ఈ నాలుగు రోజులు గొంతుకి రెస్టు ఇమ్మంటే వినట్లేదు. ఫోన్లో రికార్డుకి కొన్ని పాడేరు, మిగతావి తర్వాత చూసుకుందాం, కచేరీ ఆపేద్దాం అన్నానండి" అన్నాడు. అతని కళ్లు ఎర్రబడ్డాయి.

నేను రైలెక్కి వచ్చింది ఆ గొంతు కోసమే. అయినా ఆవిడ తిరిగొచ్చాక, ఇవాళ్టికి మానేస్తే ఏమవుతుందండి అన్నాను. నా మాట నాకే పలచగా వినిపించింది.

సువర్ణమ్మ గారు కొంగుతో చేతులు తుడుచుకుని కూర్చున్నారు. "శామ్యూలు భయపడతన్నాడండి. నాకూ భయమే. కానీ ఫోన్లో పాడితే ఎవరూ అందుకోరండి. నేను ఎత్తితే అందుకునేవాళ్లుండాలి. అప్పుడే అది నాట్ల పాట. గురువారం తర్వాత నా గొంతు ఎలాగుంటాదో ప్రభువుకి తెలుసు. ఇవాళ ఉంది కదండీ."

శామ్యూల్ లేచి గిటారు సర్దుకున్నాడు. రెండింటికి అందరం ఒకే ఆటోలో అమలాపురం బయల్దేరాం.

ట్యూషన్ సెంటరు మేడ మీద హాలు. బల్లలు గోడలకు జరిపి చాపలు వేశారు. గోడ మీద త్రికోణమితి సూత్రాలు, పైన నాలుగు ఫ్యాన్లు. నాలుగింటికి డెబ్బై మంది దాకా చేరారు. కాలేజీ పిల్లలు, టీచర్లు, పాస్టరు గారు ఒకరు, ముందు వరసలో పాత నాట్ల జట్టులో మిగిలిన అయిదుగురు ఆడవాళ్లు. మొదట శామ్యూల్ తన పాటలు రెండు పాడాడు. గల్ఫు నుంచి వచ్చిన అట్టపెట్టెల మీద రాసుండే ఇంటి అడ్రసుల గురించి ఒక పాట. దానికి కాలేజీ పిల్లలు చప్పట్లు ఆపలేదు. అది అయ్యాక సువర్ణమ్మ గారు వచ్చి కుర్చీ వద్దని నిలబడ్డారు. నడుం కొంచెం వంచి, ఎడమ చేయి మోకాలి మీద ఆనించి, కుడి చేయి గాల్లో నారు పట్టుకున్నట్టు పెట్టారు.

నీళ్లు మోకాటి దాకా, ఎండ నడినెత్తి దాకా,
మన పాట పొద్దు గూకే దాకా.

ఆ గొంతు తియ్యగా లేదు. తడిమట్టిలో కాలు దిగినట్టు, కింద గరగరగా మొదలై, రెండో పంక్తి చివర ఒక్కసారి పైకి లేచింది. ఎంత పైకంటే, ఫ్యాన్ల చప్పుడు మీద ఒక గీత గీసినట్టు. నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. శామ్యూల్ గిటారు మీద ఒక్క తీగ మాత్రమే మీటుతూ ఊరుకున్నాడు. అప్పారావు గారి వేళ్లు డప్పు అంచును తాకీ తాకనట్టు కదిలాయి, ఆవిడ పైకి లేచిన చోట పూర్తిగా ఆగిపోయాయి. ముందు వరస ఆడవాళ్లు అయిదుగురూ కూర్చున్నచోటే నడుములు వంచి పాట అందుకున్నారు.

నాలుగు పాటలయ్యాక ఆవిడ ఆగారు. "ఇక నేనొక్కదాన్నే పాడనండి. పాటలు పంచుతాను. తీసుకున్నోళ్లు పాడాలి" అన్నారు.

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. మనుషుల ముఖాలు చూస్తూ చాపల మధ్యకు నడిచారు. ఒక కాలేజీ అమ్మాయి ముందు నిలబడి రెండు పంక్తులు పాడి, "ఇది నీదమ్మా" అన్నారు. ఆ అమ్మాయి సిగ్గుపడుతూ తిరిగి పాడింది. "కాదు, గొంతు దాచుకోకు" అని మళ్లీ పాడించారు. మూడోసారికి కుదిరింది. పాస్టరు గారికి కప్పల పెళ్లి పాట వచ్చింది. ఆయన అంత గంభీరమైన మనిషీ కప్పలా గొంతు మార్చి పాడాల్సి వచ్చింది. ఒక టీచరుకు పిల్లను ఉయ్యాల్లో వదిలి పొలానికొచ్చిన తల్లి పాట వచ్చింది. ఆవిడ సగంలో ఏడ్చేసింది. సువర్ణమ్మ గారు ఆవిడ వీపు నిమురుతూ మిగతా సగం కూడా పాడించారు. రెండు గంటలు గడిచాయి. హాల్లో ఎవరూ లేచి వెళ్లలేదు. శామ్యూల్ గిటారు పక్కన పెట్టి, ఏ పాట ఎవరికి వెళ్లిందో నోటు పుస్తకంలో రాస్తున్నాడు. అతను ఇక ఆవిడను ఆపాలని చూడలేదు.

చివరికి నా ముందుకొచ్చారు. "వైజాగు నుంచి వచ్చేరు. ఉత్త చేతుల్తో వెళ్తారాండి?"

నాకు పాడటం రాదన్నాను. నిజంగానే రాదు, స్కూల్లో ప్రార్థన తర్వాత నేను గొంతెత్తింది లేదు. ఆవిడ వినిపించుకోకుండా నా ఎదురుగా కూర్చుని, ముఖంలో ముఖం పెట్టి పాడారు.

వంగితే నా మొగం బురదనీళ్లల్లో,
లేస్తే నా మొగం నీ కళ్లల్లో.

"ఎదురూబొదురూ నాటే స్నేహితురాళ్లదండి ఇది" అన్నారు. నేను అన్నాను. గొంతు పగిలింది. మళ్లీ అన్నాను. మూడోసారి ముందు వరస ఆడవాళ్లు నా పంక్తిని అందుకున్నారు, వాళ్ల వెనక హాలంతా అందుకుంది. ఇరవై ఏళ్లు ఇతరుల గొంతులు విన్నదాన్ని, నా గొంతుకు డెబ్బై మంది జవాబిస్తే ఏమవుతుందో నాకు అప్పటిదాకా తెలియదు. కళ్లు తుడుచుకోవడం కూడా మర్చిపోయాను.

చదివేవాళ్లకు ఆత్రం ఉంటుంది కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. గురువారం ఆపరేషన్ బాగా జరిగింది. రెండు వారాలు ఆవిడ పలక మీద రాసి మాట్లాడారు. గొంతు వచ్చింది, కానీ పైకి లేచే ఆ గీత రాలేదు. ఇప్పుడు ఆవిడ కింద స్థాయిలో ఎత్తితే, పైభాగం ఆ కాలేజీ అమ్మాయి అందుకుంటోంది. నెలలో మూడో ఆదివారం, సాయంత్రం నాలుగింటికి, అదే హాల్లో. టికెట్టు లేదు. వెళ్లేవాళ్లు పాడటానికి సిద్ధపడి వెళ్లాలి.

కచేరీ మర్నాడు, సోమవారం, ఎనిమిదింటి బస్సులో రాజమండ్రి వచ్చి, పదకొండున్నర రైలెక్కాను. సామర్లకోట దాటాక ఎదుటి సీట్లో తుని వెళ్తున్న ఒకావిడ, ఒళ్లో స్టీలు క్యారేజీతో, నన్నే చూస్తోంది. నేను కిటికీ వైపు తిరిగి పంక్తులు మర్చిపోకుండా గొణుక్కుంటున్నాను.

"అదేం పాటమ్మా?" అంది. సిగ్గు పడకుండా ఆవిడ ఎదురుగా పాడాను.

"మా అమ్మ పాడేది. మీరు సగంలో ఆపేశారు" అని, క్యారేజీ పక్కన పెట్టి, తానూ పాడింది.

పొద్దు గూకితే ఇద్దరి మొగం ఒక్క సీకట్లో.

ఈ మూడో పంక్తి సువర్ణమ్మ గారి నోట నేను వినలేదు. వెంటనే శామ్యూల్‌కు ఫోన్ చేసి, పెద్దమ్మకు ఇమ్మన్నాను. ఫోను తుని ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ పాడింది. తర్వాత సువర్ణమ్మ గారి గొంతు, స్పీకర్లో గరగరలాడుతూ, "ఇంకోసారి చెప్పండమ్మా, నేను అందుకుంటాను" అంది.

అందుకుంది. తుని ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"కాదు, చివర ఇంకొంచెం లాగాలి" అంది. తుని స్టేషను వచ్చేదాకా ఇద్దరూ ఆ ఒక్క పంక్తే పాడుకున్నారు. పెట్టెలో మిగతావాళ్లం మాట్లాడకుండా విన్నాం. మూడు రోజుల్లో ఎన్నో గొంతులు విన్నాను. డెబ్బై పాటలు తెలిసిన మనిషి, ఆపరేషన్ కత్తి ముందు నిలబడి, కొత్త పంక్తి నేర్చుకోవడం మాత్రం నేను విన్నవాటిలో అన్నిటికంటే పెద్దది.