ఫ్రీజర్‌లో మాయమైన అంకెలు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఉద్దానంలోని ఓ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసేదాన్ని. పోలియో చుక్కల రోజు పొద్దున్నే తనిఖీకొచ్చిన అధికారి డీప్ ఫ్రీజర్ తెరిచాడు. లోపలున్న డిజిటల్ థర్మామీటర్‌లో ఒక్క అంకె కూడా కనబడలేదు.

"ఫ్రీజర్ పాడైతే నిద్రపోతున్నావా? మందంతా పారబొయ్యి," అని పిల్లల్నెత్తుకొచ్చిన తల్లుల ముందే నా మీద అరిచాడు.

"ఏటమ్మా, మందు పాడైపోనాదేటి? జీడితోటల్లోంచి నడిసొచ్చినాం," అంది వాళ్లతో వచ్చిన ఓ ముసలామె.

నాకు ఒళ్లు మండింది. అంత చలికి డిస్‌ప్లే పనిచెయ్యదని, దాన్ని బయట తగిలించి చలిని కొలిచే తీగ కొస మాత్రమే లోపల ఉంచాలని ముందే చెప్పాను. ఎవరైనా ఎత్తుకుపోతారని మొత్తం లోపల పెట్టించింది ఈయనే.

తీగను లోపలే ఉంచి, డిస్‌ప్లేను బయటికి తీసి రెండు అరచేతుల మధ్య పట్టుకున్నాను. కాసేపటికి అంకెలు మెల్లగా తేలాయి. మైనస్ పద్దెనిమిది. మందు భేషుగ్గా ఉంది.

"చదవండి సార్," అన్నాను.

చదివాడు. తర్వాత నన్ను గదిలోకి పిలిచి, తలుపు దగ్గరికి వేసి, "ఏమీ అనుకోకమ్మా," అన్నాడు.

తిట్టినప్పుడు ఆ తలుపు గుర్తుకు రాలేదు ఆయనకు.