వైఫై డబ్బాకు పళ్ళు చూసిన మొగులయ్య

మా ఇంటి ఓనరు మొగులయ్య ఏ వస్తువు కొన్నా ఎడ్లను కొన్నట్టే కొంటాడు. మా వాటాలో బిగించే ఫ్యానయినా, పెళ్ళిలో చదివించే ప్రెషర్ కుక్కరయినా ముందు దాని చుట్టూ మూడుసార్లు తిరుగుతాడు. వీపు చరుస్తాడు. ఆ తరవాత "ఇది ఎన్ని పండ్లది?" అని అడుగుతాడు. పశువుల అంగట్లో నోరు తెరిచి పళ్ళు లెక్కబెట్టి వయసు చెబుతారు కదా, అదన్నమాట. కుక్కరుకు పళ్ళుండవు మొర్రో అని అమ్మేవాడు మొత్తుకున్నా ఆయన వినడు.

సాతంరాయిలో ఆయన కట్టిన మూడంతస్తుల ఇంట్లో నేను ఆరేళ్ళుగా అద్దెకుంటున్నాను. మాది కాకినాడ, పేరు చలపతి, ఉద్యోగం ఎయిర్‌పోర్టు కార్గోలో. ఇల్లు చూడటానికి వచ్చిన రోజున నా చుట్టూ కూడా ఒక ప్రదక్షిణ చేసి, "నడక మంచిగున్నది" అని తాళంచెవులిచ్చాడు. పళ్ళు అడగనందుకు ఇప్పటికీ సంతోషమే.

ఇంటికంతటికీ ఒకటే వైఫై. ఆ రూటరు పదేళ్ళనాటిది. పాస్‌వర్డు ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు, వీధి వీధంతటికీ కంఠస్థం.

పై అంతస్తులో కవిత, వాళ్ళమ్మ అమృతమ్మ ఉంటారు. అమృతమ్మకు పక్షవాతం వచ్చి ఒక పక్క పనిచెయ్యదు. కవిత ఒక బీమా కంపెనీ ఫోన్లు ఇంట్లోంచే మాట్లాడుతుంది కాబట్టి తల్లిని చూసుకోగలుగుతోంది. ఒక మంగళవారం ఆ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఖాతాదారుల వివరాలు దొంగలపాలు కాకూడదు గనక ఇంట్లో కొత్త రకం భద్రత ఉన్న రూటరు ఉండి తీరాలట. సోమవారం పొద్దున పరీక్ష. అందులో తప్పితే రోజూ ఆఫీసుకు రావాలి, లేదా ఉద్యోగం మానుకోవాలి. తల్లిని ఒంటరిగా వదిలి ఆ పిల్ల ఎక్కడికి పోతుంది?

ఉత్తరం ప్రింటు తీసి మొగులయ్యకు చూపించింది.

"బాపూ, నేనే ఆన్‌లైన్ల తెప్పిచ్చుకుంట."

"మొఖం చూడకుంట కొంటవా బిడ్డా? నేను తెస్త," అన్నాడాయన. కాగితం బనీను జేబులోకి వెళ్ళింది.

బుధవారం నాచేత సెలవు పెట్టించి శంషాబాద్ తీసుకెళ్ళాడు. మొదటి షాపాయన ఒక రూటరు ముందుపెట్టాడు.

"ఎన్ని పండ్లది?"

"నాలుగు యాంటెన్నాలు పెద్దాయనా, మస్తు సిగ్నల్!"

"కొమ్ములు చూసి ఎద్దును కొంటరా? ఎప్పుడు పుట్టింది?"

డబ్బా తిప్పి చూస్తే నాలుగేళ్ళ కిందటి తేదీ ఉంది.

"గాలికుంటు రోగానికి ఇంక ఎన్నేండ్లు సూదులేస్తరు?"

షాపాయన నా వంక చూశాడు. నేను తర్జుమా చేశాను. "దొంగలు కొత్త కన్నాలు కనిపెట్టినప్పుడల్లా కంపెనీ అప్‌డేట్లు పంపాలి కదండీ. అవి ఎన్నాళ్ళు పంపుతారని అడుగుతున్నారు."

"అప్‌డేట్లా? గవన్నీ ఎవరు చూస్తరన్నా!"

మొగులయ్య లేచాడు. "సూది లేని గొడ్డు నా కొట్టంల అడుగుపెట్టది."

అత్తాపూర్‌లో ఒక షాపాయన వాడిన రూటరు సగం ధరకిస్తానన్నాడు. పాత ఓనరెవరు, ఎందుకమ్మిండు, పొడుస్తదా అని మొగులయ్య ఆరా తీశాడు. ఇంకో షాపులో డబ్బా కాస్త నచ్చింది. వెంటనే భుజం మీది తువ్వాల తీసి షాపాయన చేతి మీద కప్పి, కింద నుంచి వేళ్ళు నొక్కడం మొదలెట్టాడు. అంగట్లో పక్కవాడికి తెలియకుండా బేరం అలాగే ఆడతారు.

"సార్, మీ పెద్దాయన్ని చెయ్యి వదలమనండి," అన్నాడు షాపాయన దీనంగా. ఇంతలో లోపల్నుంచి వాళ్ళావిడ వచ్చింది. తువ్వాల కింద ఏం జరుగుతోందో చెప్పేలోగా మేం రోడ్డు మీదున్నాం. మర్నాటి నుంచి డ్యూటీ ఉందని తప్పించుకున్నాను.

శనివారం అయింది, డబ్బా రాలేదు. కవిత ముఖం పీక్కుపోయింది. "అన్నా, ఇంకొక్క రోజే ఉన్నది," అంది. నాకు ఒళ్ళు మండిపోయి, వరండాలో చిక్కుళ్ళు తుంచుతున్న మొగులయ్య భార్య సక్కుబాయి మీద విరుచుకుపడ్డాను.

"ఏమండీ, అక్కడ ఆ పిల్ల ఉద్యోగం పోతుంటే ఈయన ఊళ్ళమ్మట పళ్ళు లెక్కబెడుతున్నారా?"

ఆవిడ నవ్వింది. "ఆయన చెప్పులెప్పుడన్న చూసినవా సారూ? ఒకటి ఎనిమిది నంబరు, ఒకటి తొమ్మిది. తనకైతే ఏది చేతికొస్తే అది తెచ్చుకుంటడు. నా ఆపరేషనప్పుడు మాత్రం ఆరు దవాఖానలు తిరిగి, డాక్టరును గూడ ఎన్ని పండ్లని అడిగిండు. ఒకల బతుకు దానిమీద ఉంటెనే గట్ల పరేషానైతడు."

ఫ్యాను మా పిల్లల కోసం కొన్నాడు. కుక్కరు ఎవరి పెళ్ళికో కొన్నాడు. ఆరేళ్ళుగా నవ్వుకున్నానే గానీ ఈ మాట నాకు తట్టలేదు. సిగ్గేసింది.

ఆదివారం మధ్యాహ్నం శంషాబాద్ నుంచి ఉపేందర్ అనే షాపతను తనే డబ్బా పట్టుకుని వచ్చాడు. మొగులయ్య నోరు తెరవకముందే జవాబులన్నీ పాఠంలా అప్పజెప్పాడు.

"పోయిన నెల పుట్టింది బాపూ, ఇగో తేదీ. సూదులు అయిదేండ్లు, దానంతటదే ఏసుకుంటది. తాళం కొత్తది, డబ్ల్యూపీఏ త్రీ. వచ్చిపొయ్యేటోళ్ళకు వేరే కొట్టం, అంటే గెస్ట్ వైఫై, ఇంటోళ్ళ కాడికి రారు."

"ఇవన్నీ మీకెలా తెలుసు?" అన్నాను.

"నాకేంది, అత్తాపూర్ దాక అన్ని షాపులకు తెలుసు సార్! గురువారం, శుక్రవారం బాపు తిరిగి ఆ అక్క ఉత్తరం జిరాక్సులు పంచిండు. తనడిగినవాటికి గీ జవాబులున్న డబ్బా దొరికితెనే ఫోన్ చెయ్యమన్నడు."

కవిత కళ్ళు తుడుచుకుంది. ఉపేందర్ రూటరు బిగించి, ఓనరు కదా అని మొగులయ్యనే అడిగాడు. "పాస్‌వర్డ్ ఏం పెట్టాలె?"

"నన్నడగకు! పగ్గం బిడ్డ చేతిలుండాలె. నా నోట్ల నువ్వు గింజ నానదు," అంటూ ఆయన గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

సోమవారం తొమ్మిదిన్నరకు కవిత పై నుంచే కేకేసింది. "అన్నా, పాసైంది!" ఆ కబురు చెబుదామని ఛాయ్ బండి దగ్గరికి పరుగెత్తాను. మొగులయ్య అప్పటికే పదిమందిని పోగేసి, మీసం దువ్వుకుంటూ చెబుతున్నాడు.

"మా ఇంటి వైఫై గంత పక్కా! ఓనరును నేను, పాస్‌వర్డ్ నాకే తెల్వదు!"