చేపత్త విన్న మాట

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ, ఈతకొలను దగ్గర దానితో ఎవరికీ పనిపడలేదు. పిల్లలందరికీ ఆమె చేపత్త. ముప్పై దాటాక మోకాళ్ళ నొప్పికి ఈత మంచిదని డాక్టరు చెబితే కొలనుకు వచ్చింది. గడియారాలు బాగుచేసే ఆమె భర్త ఇప్పటికీ అంటుంటాడు, నొప్పి ఎప్పుడో పోయింది, మనిషే ఇంకా ఇల్లు చేరలేదని.

నేర్చుకోవడానికి వచ్చిన మనిషి, చూస్తుండగానే నేర్పే మనిషయింది. పతకాలు తెచ్చే పిల్లలు ఆమె తరగతిలో ఉండరు. నీళ్ళు చూడగానే ఏడ్చేవాళ్ళు, గట్టును బల్లిలా కరుచుకుని వదలనివాళ్ళు, ముక్కులోకి నాలుగు చుక్కలు పోతే లోకమే మునిగిపోయిందనుకునేవాళ్ళు ఆమె దగ్గరికి వస్తారు. కొలనుకు గాజు పైకప్పు. పొద్దుటి ఎండ అందులోంచి దిగి, నీళ్ళలో ముక్కలై, అడుగున తెల్లటి పలకల మీద వలలా ఊగుతుంది. ఆ వెలుగులో పిల్లల అరుపులు కూడా తడిసి మెత్తబడి, ఎవరో కంటున్న కలలోంచి వస్తున్నట్టు ఉంటాయి. చేపత్త నడుముల్లోతు నీళ్ళలో నిలబడి, సగం మెలకువలో ఉన్న మనిషిలా చిన్నగా నవ్వుకుంటూ ఉండేది.

పిచ్చుక ఐదేళ్ళప్పుడు ఆమె చేతుల్లోకే వచ్చింది. ఉఫ్ అని ఊదితే ఎగిరిపోయేంత పిల్ల, నోరు మాత్రం క్షణం మూతపడేది కాదు. అందుకే ఆ పేరు. నీళ్ళలో తల ముంచి కూడా ఏదో చెబుతూనే ఉండేది, బుడగలు వచ్చేవి. పదమూడో ఏడు వచ్చేసరికి పోటీల జట్టులో చేరింది. అక్కడ గురువు పెద్ద కోచ్.

పెద్ద కోచ్ అంటే అందరికీ గురి. ఎవరింటికి వెళ్ళినా ముందు పెద్దవాళ్ళ ఆరోగ్యం అడిగేవాడు. పిచ్చుక తండ్రి లారీ మీద ఊళ్ళు పట్టుకుని తిరుగుతాడు, తల్లి బేకరీలో తెల్లవారుజాము పనికి వెళ్తుంది. పిల్లను కొలనుకు ఎవరు తీసుకెళ్తారని ఆ తల్లి దిగులుపడుతుంటే, నేనున్నాను కదమ్మా అని కారు తెచ్చాడు. ఇంట్లో పాడైన పంపు బాగుచేయించాడు. పిల్ల కంటే ముందు ఇంటిని మచ్చిక చేసుకున్నాడు.

కొంతకాలానికి పిచ్చుక కిచకిచలు తగ్గాయి. జట్టులో మరెవరికీ లేని ఖరీదైన ఈత కళ్ళద్దాలు ఆమెకు వచ్చాయి. తోటి పిల్లలు రాణిగారని పిలవడం మొదలుపెట్టి, తర్వాత పిలవడమే మానేశారు. అందరూ వెళ్ళిపోయాక కూడా ఆమె బెంచీ మీద తువ్వాలు కప్పుకుని ఎదురుచూస్తూ కూర్చునేది. ఎవరి కోసమని అడిగితే, సార్ కోసం అనేది, నేల చూస్తూ.

ఒకరోజు పిల్లలు పట్టుకుని తేలే పలకల కోసం చేపత్త సామాన్ల గదికి వెళ్తే తలుపు లోపల గడియ పెట్టి ఉంది. తట్టింది. కాసేపటికి పెద్ద కోచ్ నవ్వుతూ తెరిచాడు. పిల్ల భుజం పట్టేసిందనీ, సర్దుతున్నాననీ చెప్పాడు. చిన్నపిల్లల తరగతి వాళ్ళకు ఈ కష్టాలు తెలియవని జోకు కూడా వేశాడు. అతని వెనక నిలబడ్డ పిచ్చుక నవ్వలేదు. ఆ రోజు నుంచి చేపత్తకు పలకలతో తెగ పని పడింది. ఆ తలుపు మూసుకున్నప్పుడల్లా వెళ్ళి తట్టేది. ఎర్రది కావాలనేది, కాదు నీలంది అనేది, మరిచిపోయానని మళ్ళీ వచ్చేది. మతిమరుపు మనిషని పెద్ద కోచ్ నలుగురిలో నవ్వాడు. నవ్వనిచ్చింది.

ఇంట్లో భర్తకు చెబితే, ఆయన చేతిలోని గడియారం పక్కన పెట్టాడు.

"నీళ్ళలో ఉంటూ మొసలితో వైరమా?" అన్నాడు.

"మొసలి ఉందని తెలిశాక పిల్లల్ని నీళ్ళలోకి దింపుతామా?"

ఆయన కంటికున్న భూతద్దం కూడా తీసి పెట్టాడు. తర్వాత, నేనేం చెయ్యాలో చెప్పు, అన్నాడు.

సెలవురోజు మధ్యాహ్నం, కొలను ఖాళీగా ఉన్నప్పుడు, ఊరికే తేలుదాం రమ్మని చేపత్త పిచ్చుకను పిలిచింది. ఇద్దరూ వెల్లకిలా పడుకున్నారు. గాజు కప్పు మీద మబ్బులు నడుస్తున్నాయి. నీళ్ళు ఎటు తీసుకెళ్తే అటు, నిద్రలో ఉన్న పడవల్లా, మెల్లగా తిరుగుతున్నారు. చేపత్త ఏమీ అడగలేదు.

"అత్తా, చెవులు నీళ్ళలో ఉంటే నా గొంతు నాది కాదనిపిస్తుంది," అంది పిచ్చుక.

"అయితే అలాగే ఉండు. నేను తలెత్తి వింటాను."

చేపత్త లేచి నిలబడింది. ఆ పిల్ల మబ్బులకేసి చూస్తూ చెప్పుకుపోయింది. నువ్వు అందరిలాంటిదానివి కాదన్నాడట. నీ ఆట మీ అమ్మకేం అర్థమవుతుందన్నాడట. ఇది మనిద్దరి మధ్యే ఉండాలి, బయటపడితే జట్టులో చోటు పోతుందన్నాడట. భుజం దగ్గర మొదలైన చెయ్యి భుజం దగ్గర ఆగలేదట. చెబుతున్నంతసేపూ ఆ గొంతు ఎవరికో జరిగినది చెబుతున్నట్టే ఉంది. కన్నీళ్ళు మాత్రం చెంపల మీదుగా జారి కొలనులో కలిసిపోతున్నాయి.

చెప్పడం అయ్యాక లేచి నిలబడి, ఎవరికీ చెప్పవు కదా, అని అడిగింది.

"చెప్పనని మాటిస్తే అది అబద్ధమవుతుంది తల్లీ. కానీ నీకు తెలియకుండా ఎవరికీ చెప్పను. ముందు అమ్మ దగ్గరికి వెళ్దాం. నీ పక్కనే ఉంటాను. ఇందులో నీ తప్పు ఆవగింజంత కూడా లేదు."

"ఆయన కళ్ళద్దాలిస్తే తీసుకున్నాను కదా."

"నువ్వు తీసుకుంటావనే ఇచ్చాడు."

సెలవురోజు గిరాకీకి తల్లి మధ్యాహ్నం కూడా బేకరీలోనే, మోచేతుల దాకా పిండితో ఉంది. మొదట నమ్మలేదు. సొంత మేనమామలా చూసుకునే మనిషి మీద ఇలాంటి మాటేమిటని కూడా అంది. తర్వాత కూతురి వంక చూసింది. పిల్ల తల ఎత్తలేదు. ఇక ఆ తల్లికి వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. పిండి చేతులతోనే పిల్లను దగ్గరికి లాక్కుంది. నేనే ఇంటికి పిలిచి కుర్చీ వేశాను వదినా, అని చేపత్తతో అంది, ఆ ముక్కే మళ్ళీ మళ్ళీ. నమ్మడం నీ నేరం కాదనీ, నమ్మకాన్ని ఎరగా వాడుకున్నవాడిదే నేరమనీ చేపత్త చెబుతూ ఉండిపోయింది.

ముగ్గురూ వెళ్ళి చెబితే, కొలను సంఘం అధ్యక్షుడు పోటీలు దగ్గరపడ్డాయన్నాడు. కోచ్‌ను గదిలోకి పిలిచి మందలిస్తాను, విషయం నాలుగు గోడల మధ్యే ఉండనివ్వండి అన్నాడు.

"నాలుగు గోడల మధ్యే కదండీ ఇదంతా జరిగింది," అని చేపత్త లేచింది.

అక్కణ్ణుంచి ముగ్గురూ నేరుగా పోలీసు స్టేషనుకు వెళ్ళారు. మామూలు బట్టల్లో ఉన్న ఒక అధికారిణి పిచ్చుక పక్కన కూర్చుని, తొందరపెట్టకుండా అంతా విన్నది. మాట బయటికి పొక్కాక, ఏనాడో ఈత మానేసిన ఇద్దరు పెద్దమ్మాయిలు తమంతట తాము వచ్చి తమ కథలు చెప్పారు. వాళ్ళెందుకు మానేశారో అంతవరకూ ఎవరూ అడగలేదు. పెద్ద కోచ్‌ను తీసుకెళ్ళారు. విచారణ సాగి సాగి, చివరికి శిక్ష పడింది.

ఈ లోపల చేపత్త పడ్డ మాటలు ఇన్నీ అన్నీ కావు. బంగారంలాంటి గురువును పోగొట్టిందన్నారు, కడుపుమంట అన్నారు. ఆమె తరగతి పలచబడింది. కొన్ని ఉదయాలు ఖాళీ నీళ్ళలో ఒక్కతే నిలబడి, ఎండ ముక్కలు ఊగుతుంటే చూస్తూ గడిపేది. ఆ రోజుల్లో భర్త దుకాణం ఆలస్యంగా తెరిచేవాడు. గట్టు మీద కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చుని, నాకూ నేర్పు, విద్యార్థులు లేరు కదా, అనేవాడు. నిజంగానే నీళ్ళలోకి దిగాడు గానీ ఇటుకరాయిలా మునిగేవాడు.

పట్టుబట్టి ఆమె కొన్ని సాధించింది. సామాన్ల గదికి గాజు తలుపు వచ్చింది, గడియ పోయింది. కోచ్‌లు పిల్లను ఒంటరిగా కారు ఎక్కించుకోవడం ఆగింది. పిల్లకు పంపే ఏ సందేశమైనా ఇంట్లోవాళ్ళకూ వెళ్ళాలన్నారు. తల్లిదండ్రులు ఎప్పుడైనా వచ్చి గట్టున కూర్చోవచ్చన్నారు. మెల్లమెల్లగా తరగతి మళ్ళీ నిండింది.

పిచ్చుక చాలాకాలం రాలేదు. ఒక డాక్టరమ్మ దగ్గర కూర్చుని మాట్లాడి వచ్చేదట. తల్లి పగటి పనికి మారింది. ఒక వేసవిలో పిచ్చుక స్నేహితురాళ్ళతో కలిసి గోలగోలగా వచ్చింది, అందరూ చేతులు పట్టుకుని ఒక్కసారే నీళ్ళలోకి దూకారు. పోటీల మాట ఎత్తలేదు. ఎత్తమని ఎవరూ అడగలేదు.

చేపత్త తనకు తానే ఒక నియమం పెట్టుకుంది. పిల్లలను తేల్చడానికి నడుము కింద చెయ్యి పెట్టేముందు, పట్టుకోనా, అని అడుగుతుంది. అవునంటేనే పట్టుకుంటుంది. మొన్న కొత్తగా చేరిన నాలుగేళ్ళ బుడ్డోడు రోజూ వద్దనే అంటున్నాడు. గట్టు మీదున్న వాళ్ళ తాతకు ఓపిక నశించింది. పట్టేసుకోండమ్మా, వాడికేం తెలుసు, అన్నాడు. ఆమె రెండు చేతులూ నీళ్ళ మీద పెట్టుకుని అలాగే నిలబడింది.

వాడు ఆ చేతుల్ని చూశాడు, నీళ్ళను చూశాడు, బాగా ఆలోచించాడు.

"రేపు," అన్నాడు.

"సరే బాబూ, రేపే," అంది చేపత్త.