పెద్దమ్మ కట్టిన సీసల మంచం

పోయిన నెల మా పెద్దమ్మ పోయింది. ఆఫీసులో పనిలో ఉండగా నాన్న ఫోన్ చేసి, "మీ పెద్దమ్మ లేదు బిడ్డా, జల్ది రా" అన్నాడు. జ్వరమని చేవెళ్ల దవాఖానకు తీసుకుపోయారు, అక్కడే గుండె ఆగిందట. సెలవు అడిగితే మా టీం లీడరు "దగ్గరి చుట్టమా?" అంది. నాన్నకు వదిన అని చెప్పాను. సెలవు దొరికింది గాని, ఆమె నాకేమవుతుందో చెప్పినట్టు అనిపించలేదు. మీకైనా చెప్పుకుందామని ఇది రాస్తున్నాను.

సురంగల్‌లో మా పెద్దమ్మకు ద్రాక్షతోట ఉంది. పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూమి, ఆమె పేరు మీదే ఉండేది. హైటెక్ సిటీ లేచాక మొయినాబాద్ చుట్టుపక్కల తోటలన్నీ ఒక్కొక్కటిగా ఫామ్‌హౌసులో ప్లాట్లో అయిపోయాయి. మా బోరులో నీళ్లు సన్నబడ్డాయి. పెద్దబాపుకు, అంటే మా పెదనాన్నకు, మోకాళ్లు పట్టేసేవి. "అమ్మేద్దామే, ఇగ మనతోని కాదు" అని ఆయన, "నా పానం ఉండంగ కాదు" అని ఆమె. ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ. మధ్యలో బ్రోకరు కారేసుకొని వచ్చి చెట్టు కింద కూర్చునేవాడు.

ఒక ఏడు, వ్యాపారి కోసుకుపోగా తీగలకు మిగిలిన పండ్లు చూసి పెద్దమ్మ వైన్ పెడతానంది. ఎట్లా పెట్టాలో పక్క ఫామ్‌హౌస్ మేడం చెప్పిందట, ఖాళీ సీసాలు కూడా ఆవిడే ఇచ్చింది. "ఊళ్లె ఏమనుకుంటరు పెద్దమ్మా?" అన్నాను.

"ఏమనుకుంటరే? కల్లు తాగినోల్లం కాదా మనం? తాటిచెట్టుది మంచిదాయె, నా తోటది చెడ్డదాయెనా?" అని నా నోరు మూయించింది.

వైన్ నింపిన సీసాలను పడుకోబెట్టి ఉంచాలని, నిలబెడితే బెండు బిరడాలు ఎండి గాలి దూరుతుందని నేను నెట్‌లో చదివాను. మంచి చెక్క ర్యాకు బొమ్మ ఒకటి ప్రింటు తీసి పట్టుకుపోయాను. పెద్దమ్మ ఆ కాగితాన్ని దూరంగా పట్టుకొని చూసి, "మీ పెద్దబాపుకే కుక్కి నవారు మంచం. సీసలకు టేకు మంచమా!" అని పకపకా నవ్వింది.

డ్రిప్పు వేసినప్పుడు తవ్వి తీసిన నాలుగించుల ప్లాస్టిక్ పైపులు మోటారు గది వెనక పడి ఉన్నాయి. చీర కొంగు దోపుకొని, పైపును కాలి కింద తొక్కిపట్టి, హాక్సా బ్లేడుతో అడుగు ముక్కలుగా కోసింది. అంచులు గరుకు కాగితంతో రుద్దడం నా పని. అన్నీ మోటారు గదిలో పేర్చి చెయ్యి తీయగానే దొర్లిపోయాయి. మళ్లీ పేర్చింది, మళ్లీ దొర్లాయి. "థూ, మీరు గూడ మా ఇంటి మొగోళ్ల లెక్కనే ఉన్నరు. చెప్పిన జాగల ఉండరు!" అని పైపులను తిట్టింది. అరుగు మీద బీడీ కాలుస్తున్న పెద్దబాపు వినబడనట్టు అటు తిరిగాడు. చివరికి పైపుకు పైపు ఆనించి, గమ్ము పూసి, ఆరేదాకా పాత సైకిల్ ట్యూబుతో బిగించి కట్టింది. అటూ ఇటూ పందిరికి నాటే రాతి కడీలు ఆసరా పెట్టింది. తేనెపట్టులా కుదిరింది. ఒక్కో గూట్లో ఇంత వరిగడ్డి పరచి, పులియబెట్టిన రసం నింపిన సీసాలను కొంగుతో తుడిచి లోపలికి జరిపింది.

ఇక బ్రోకరు వస్తే ఒకటే మాట. "వైను తయారయ్యేదాక కదిలియ్యొద్దన్నా, కరాబైతది. ఒక్క ఏడాది ఆగు, సంతకం పెడ్త." ఆ ఏడాది గడిచింది. ఆయన వచ్చాడు. "ఇంక కాలేదు, జర ఓపిక పట్టు" అంది పెద్దమ్మ. అమ్ముదామని ఇన్నాళ్లు పోరిన పెద్దబాపు కూడా "అవునవును, ఇంక కాలేదు" అని తలూపాడు. ఈయనకేమైందా అనుకున్నాను. అట్లా ఏడాది మీద ఏడాది తోట నిలబడింది.

నేను సిటీలో ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఏదో మాట పడి ఏడ్చుకుంటూ బస్సు దిగి నేరుగా ఆ తోటకే పోయాను. ఏమైందని అడగలేదు. పందిరి కింద కూర్చోబెట్టి జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. "ముందుగాల తిను, అటెన్క ఏడువు. కాళీ కడుపుతోని ఏడిస్తె తల నొస్తది" అంది. తిన్నాక ఏడుపు రాలేదు. ఇప్పుడామె లేదని ఏడుస్తుంటే తినమనేవాళ్లు ఎవరూ లేరు.

దినవారాలు అయిపోయాక మోటారు గదికి వెళ్లాను. పెద్దబాపు పైపుల ముందు నేల మీద కూర్చుని ఉన్నాడు. "ఆమె చేతిది ఒక్క చుక్కన్న చూద్దాం పెద్దబాపూ" అన్నాను. ఒక సీసా తీసి బిరడా లాగాను. వాసనకే ముక్కు మండింది. నాలుక మీద చుక్క వేసుకుంటే వట్టి సిర్కా, చట్నీల్లో పోసుకునే వెనిగర్ పులుపు. నాకు దుఃఖం ఆగలేదు. "అయ్యో, కరాబైందని తెల్వకనే పాయె గద!" అన్నాను.

"తెల్వకేం?" అన్నాడు పెద్దబాపు. "మొదటి ఏడే ఇద్దరం తీసి చూసినం. నోట్లె పోసుకొని నవ్వింది, నవ్వింది, అటెన్క కూలబడి ఏడ్సింది. తోట పోతదని ఆమె బుగులు. ఎవ్వరికి చెప్పకు, ఇంక కాలేదనే చెప్దాం అన్నది. సరే అన్న. గంత ఏడుస్తుంటె ఏమంట?"

ఆయన సీసా నా చేతిలోంచి తీసుకున్నాడు.

"భూమి ఇగ నీదే గద, సంతకం పెట్టు అంటుండు బ్రోకరు. ఇయ్యాల మల్ల వస్తడట. నేను తలకాయ ఊపెటోన్ని బిడ్డా. చెప్పెటామె పాయె. నేనొక్కన్ని ఆ అబద్ధం ఎట్ల చెప్పాలె?"

ఆయన బిరడా బిగించి, తువ్వాలుతో సీసా మూతి తుడిచి, దాని గూట్లోకి మెల్లగా జరిపాడు. బయట కారు వచ్చి ఆగింది. ఎవరో పిలిచారు. పెద్దబాపు లేవలేదు. రెండు చేతులూ పైపుల మీద వేసి, అవి కదలకుండా పట్టుకొని కూర్చున్నాడు.